దూదిలో చుట్టిన చలి

ఆ రోజు నేను మొదట తిట్టింది థర్మామీటర్ని. తర్వాత దాన్ని పంపిన ఆఫీసుని. ఆ తర్వాత దాన్ని అలమారులో పెట్టిన ఆయాని. నన్ను నేను తిట్టుకోవాల్సిన వంతు వచ్చేసరికి పొద్దు బారెడెక్కింది.

ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎక్కడా రాయలేదు. ఉద్యోగం నుంచి దిగిపోయిన రోజున సభ పెట్టి నా గురించి మంచి మాటలు చాలా చెప్పారు. "ఎవరికీ తలవంచని మనిషి" అన్నారు. తలవంచకపోవడం గొప్పేమీ కాదు, మెడ బిరుసైతే చాలు. ఈ పనిలోకి కొత్తగా వచ్చే అమ్మాయిలు ఇప్పుడు నా దగ్గరికొచ్చి "మీ అనుభవాలు చెప్పండి మేడమ్" అంటుంటారు. వాళ్ళకి కావాల్సింది నేను గెలిచిన కథలు. అవి నా దగ్గర బోలెడున్నాయి, అన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఇది వినండి.

యాభైల చివరి మాట. చిలకలూరిపేటకి కాస్త ఇవతల, చుట్టూ పత్తి జిన్నింగు మిల్లులున్న ఊళ్ళో ఒక ప్రసూతి కేంద్రం. రెండు గదులు, నాపరాళ్ళు పరిచిన నేల, ఆరు ఇనప మంచాలు, ఒక ఆయా. లేడీ డాక్టరు వారానికొక్కసారి వచ్చేది. మిగతా ఆరు రోజులూ ఆ కేంద్రానికి రాజూ మంత్రీ నేనే. గుంటూరులో సైన్సు తీసుకుని ఇంటర్ చదివాను, మద్రాసులో హెల్త్ విజిటర్ ట్రైనింగయ్యాను. పాతికేళ్ళు. ఆ ఊళ్ళో అంత చదివిన ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఆ సంగతి నేను మర్చిపోయేదాన్ని కాదు, ఎదుటివాళ్ళని మర్చిపోనిచ్చేదాన్నీ కాదు.

నా యుద్ధమంతా కుంపటితో. బాలింత మంచం కింద నిప్పుల కుంపటి పెట్టి, తలుపులు బిగించి, పైన సాంబ్రాణి వేసేవాళ్ళు. నేను చేరిన కొత్తలోనే ఒక పసివాడి పాదం కాలి నా దగ్గరికొచ్చింది. ఆ రోజునుంచి కుంపటి మా గడప దాటకూడదని శాసనం చేశాను. దాటిన రెండుసార్లూ బిందెడు నీళ్ళు కుమ్మరించాను. ఒక ముసలమ్మ నన్ను శపించింది కూడా. నేను లెక్కచేయలేదు. కుంపటికి బదులు నా దగ్గర దూది ఉంది కదా.

ఆ ఊరికి ఒక ఆనవాయితీ ఉండేది. మిల్లులో పనిచేసే ఆడవాళ్ళు నెలలు నిండుతున్నాయనగా, గింజ తీసిన మేలిరకం దూదిని ఒడినిండా తెచ్చుకుని దాచుకునేవాళ్ళు. "మా పిల్లలు దూదిలో పుడతారు" అని వాళ్ళకి గర్వం. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని దూదిలో చుట్టమని మా ట్రైనింగు పుస్తకంలో కూడా ఉంది. ఊరి అలవాటూ పుస్తకమూ ఒకే మాట చెప్పడం అరుదు. నాకు పరమానందమైంది. వాళ్ళు తెచ్చిన దూదిని ఎండలో ఆరబెట్టి, పెద్ద రేకు డబ్బాల్లో నింపి పెట్టాను. ఆ డబ్బాలు చూపించి లేడీ డాక్టరు దగ్గర మెప్పు కూడా పొందాను.

పుస్తకంలో దూది గురించిన వాక్యానికి ముందు ఇంకో వాక్యం ఉంది. గదిని వేడిగా ఉంచాలి, పిల్లకి అటూ ఇటూ వేడినీళ్ళ సంచులు పెట్టాలి, ఆపైన దూది చుట్టాలి. మద్రాసు ఆస్పత్రిలో ఆ ముందు పనులన్నీ ఎవరో చేసి ఉంచేవాళ్ళు, మేం వెళ్ళి దూది చుట్టేవాళ్ళం. మా కేంద్రానికిచ్చిన రబ్బరు సంచి ఒక్కటీ పగిలిపోయింది. ఇంకోటి అడిగాను, రాలేదు. క్రమంగా ఆ వాక్యమే నా బుర్రలోంచి జారిపోయింది. దూది మాత్రం మిగిలింది.

పుష్యమాసం. కోడి కూసే వేళకి బండి కట్టుకుని ఒక అమ్మాయిని తీసుకొచ్చారు. తొలికాన్పు, ఎనిమిదో నెల. వెంట ఆమె తల్లి వచ్చింది. తెల్లగా తెల్లవారేసరికి కాన్పయింది. ఆడపిల్ల. రెండు అరచేతులు కలిపితే పట్టేంత ఉంది. తల్లికి రక్తం బాగా పోయింది. ఆమెను చూసుకుంటూనే పిల్ల పనులన్నీ పద్ధతి ప్రకారం చేయించాను. ఆయా గోరువెచ్చని నీళ్ళు పోసింది. తడి ఆరీ ఆరకముందే పిల్లని తూకం పళ్ళెంలో పెట్టించి బరువు చూశాను. స్వచ్ఛమైన గాలి రావాలని కిటికీ తెరిపించాను. ఆ తర్వాత పిల్లని నాలుగు వరసల దూదిలో చుట్టి, పైన గుడ్డ చుట్టి, తొట్టిలో పడుకోబెట్టాను. ముక్కూ మూతీ మాత్రం కనిపిస్తున్నాయి. ఎంత ముచ్చటగా ఉందో అనుకున్నాను కూడా.

అమ్మమ్మ తొట్టి దగ్గరికొచ్చి దూదిలోకి చెయ్యి పెట్టి చూసింది.

"నర్సమ్మా, పిల్ల కాళ్ళు కుండలో నీళ్ళల్లే ఉన్నయ్యి. కుంపటి తెప్పించు తల్లీ."

"కుంపటి ఈ గడప దాటదు. పొగ పెట్టడానికి నీ మనవరాలేమన్నా దోమా?"

"దోమైతే నాకేం బాధ. పిల్ల కాబట్టే చలేస్తంది."

"నాలుగు వరసలు చుట్టాను, కనపళ్ళా? దూదికంటే వెచ్చనిదేముంది?"

"చుట్టావులే. మా ఆయన్ని పాడెక్కించినప్పుడు కూడా బాగానే చుట్టారు."

ఆయా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఈమె నోరు మూయించాలంటే అంకె చూపించాలి అనుకుని థర్మామీటరు తీసి పిల్ల చంకలో పెట్టాను. కాసేపాగి తీసి చూస్తే పాదరసం కదల్లేదు. జ్వరం చూసే థర్మామీటర్లో అట్టడుగు గీత తొంభై అయిదు. పాదరసం ఆ గీత దాకా కూడా రాలేదు. విదిలించి మళ్ళీ పెట్టాను. రాలేదు. అప్పుడే నేను తిట్లు లంకించుకుంది. ఆయా అన్నీ విని, "ఒకసారి మీరు పెట్టుకుని చూడండమ్మా" అంది.

నా చంకలో పెట్టుకున్నాను. కాసేపటికి తీసి చూస్తే తొంభై ఎనిమిది దగ్గర నిలబడి ఉంది.

థర్మామీటరు బాగానే ఉంది. దాన్ని తయారుచేసినవాళ్ళు ఆ గీత కింద ఒక మనిషి ఉంటుందని అనుకోలేదు, అంతే. నా కాళ్ళ కింద నాపరాయి అంత చల్లగా ఉందని అప్పుడు తెలిసింది.

అంత తెలిశాక నేనేం చేశానో చెబితే మీరు నమ్మరు. ఇంకో రెండు వరసలు దూది చుట్టాను. అమ్మమ్మని దూరంగా కూర్చోమన్నాను. పిల్ల అంతకుముందు పిల్లికూనలా సన్నగా ఏడుస్తోంది. కాసేపటికి ఆ ఏడుపు ఆగింది. "చూశావా, ఒళ్ళు వెచ్చబడి హాయిగా నిద్రపోయింది" అని ఆయాతో అన్నాను. ఆ మాట అన్న నోరు ఇదే. అది నిద్ర కాదు. ఏడవడానికి కూడా పిల్లలో శక్తి లేదు.

మొదటి బస్సుకి పిల్ల తండ్రి వచ్చాడు. ప్రత్తిపాడులో గోలీ సోడాల కొట్టు అతనిది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. అత్తగారి ముందు నిలబడలేక, నా ముందు కూర్చోలేక, తొట్టి దగ్గర చేతులు కట్టుకుని నిలుచున్నాడు. పిల్లని చూశాడు. దూదిని చూశాడు. వేలితో దూది పైన ఒకసారి, లోపల ఒకసారి తాకాడు.

"ఒక మాట అడగనా అమ్మా? కోప్పడరుగా?"

"అడుగు. కోప్పడాలో లేదో విన్నాక చూస్తా."

"ఎండాకాలం గుంటూరు నుంచి ఐసు తెచ్చుకుంటామండి కొట్టుకి. గడ్డ చుట్టూ ఊక పోసి, పైన గోనె చుడతాం. ఎండలో వచ్చినా సాయంత్రం దాకా కరగదండి."

"అయితే?"

"ఏం లేదండీ. బయటి వేడి ఐసుకి తగలకూడదని మేం చుడతాం. మరి పిల్ల చల్లగా ఉన్నప్పుడు మీరిట్టా చుడితే, పిల్లకి వేడి ఎట్టా తగులుద్దండి?"

"దూది వెచ్చగా ఉంటుందయ్యా."

"దూదికి వెచ్చదనం యాడనించి వస్తదమ్మా?"

నా జీవితంలో నాకు జవాబు దొరకని ప్రశ్నలు తక్కువ. దొరక్కపోయినా ఏదో ఒకటి అనేదాన్ని. ఆ రోజు నోరు తెరిచాను. వచ్చింది మాట కాదు, కాలేజీలో నేనే రాసిన పరీక్ష కాగితం. దూది, ఉన్ని, ఊక, రంపపు పొట్టు అధమ ఉష్ణవాహకాలు. ఇవి వేడిని ఇటునుంచి అటు పోనివ్వవు, అటునుంచి ఇటు రానివ్వవు. ఈ ముక్క రాసి, కింద గీత కూడా గీసి, మంచి మార్కులు తెచ్చుకున్నాను. దూది వేడిని పుట్టిస్తుందని ఆ పాఠంలో ఎక్కడా లేదు. ఉన్న వేడిని కాస్తుంది. లేనప్పుడు ఆ లేకపోవడాన్నే కాస్తుంది.

వేడి ఊరికే ఒకచోట కూర్చోదు. ఎక్కువున్న చోటునుంచి తక్కువున్న చోటికి పోతూనే ఉంటుంది. తల్లి కడుపులోంచి తెచ్చుకున్న కాస్త వేడినీ ఆ పిల్ల దగ్గర నేనే తీసుకుని తలా ఇంత పంచిపెట్టాను. ఒంటిమీది తడి ఆరుతూ కొంత తీసుకుంది. ఇనప తూకం పళ్ళెం కొంత పీల్చుకుంది. కిటికీ గాలి కొంత పట్టుకుపోయింది. అన్నీ అయ్యాక, ఖాళీ అయిన పిల్లని దూదిలో భద్రంగా చుట్టి, మళ్ళీ ఏ వేడీ లోపలికి రాకుండా తలుపేశాను. కుంపటి పెట్టాలన్న ముసలమ్మని దూరంగా కూర్చోబెట్టాను.

"దూది విప్పు" అన్నాను ఆయాతో. "కిటికీ మూసెయ్."

"ఇప్పుడైనా కుంపటి తేనా?" అంది అమ్మమ్మ, లేవబోతూ. ఆమె గొంతులో గెలుపు లేదు, అందుకే నాకింకా భయం వేసింది.

కుంపటి వేడి ఒక పక్క కాల్చి ఒక పక్క వదిలేస్తుంది, పొగ సంగతి సరేసరి. ఇంత చిన్న పిల్ల తట్టుకోదు. తల్లి ఒంటికి ఆనిద్దామంటే రక్తం పోయి ఆమే వణుకుతోంది. అమ్మమ్మ మాత్రం తెల్లారగట్లనుంచి పెరట్లో నీళ్ళ పొయ్యి దగ్గర కూర్చుని కాగులు కాచింది. దగ్గరికి పిలిచి ఆమె మెడ కింద చెయ్యి పెట్టి చూశాను. పొంగలి గిన్నెలా వెచ్చగా ఉంది.

"నువ్వే కుంపటివి" అన్నాను. "రవిక విప్పి ఆ మంచం మీద పడుకో. పిల్లని నీ రొమ్ముకి ఆనిస్తాను. ఒంటికి ఒళ్ళు తగలాలి, మధ్యలో గుడ్డ ఉండకూడదు."

ఆమె అల్లుడి వైపు చూసింది. మీకు తెలుసో లేదో, మా వైపు అత్తగారు అల్లుడి ఎదుట కుర్చీలో కూడా కూర్చోదు. ఆయన ఉన్న గదిలోకి తలుపు చాటునుంచి మాట్లాడుతుంది. అతన్ని బయటికి పొమ్మందామనుకున్నాను, కానీ కాళ్ళు కదిపే స్థితిలో లేడు అతను.

"ఏమయ్యా, గోడ వైపు తిరుగు."

తిరిగాడు. ముక్కు గోడకి ఆనించి నిలబడ్డాడు.

పిల్లని దూదిలోంచి తీసి ఆమె రొమ్ముల మధ్య బోర్లా పడుకోబెట్టాను. ఆ చలి తగిలి ముసలమ్మ "అమ్మా" అని పళ్ళు బిగించింది. నా ఆరు వరసల దూదిని అప్పుడు పరిచాం. పిల్ల చుట్టూ కాదు, అమ్మమ్మనీ మనవరాలినీ కలిపి ఇద్దరి పైనా. దానిపైన రెండు దుప్పట్లు. పిల్ల తలమీద దూది టోపీ. అప్పటిదాకా శత్రువులైన ముసలమ్మ వేడీ, నా దూదీ మొదటిసారి ఒకే పక్షాన నిలబడ్డాయి.

ఇక ఎదురుచూడటం. అంతకంటే చేసేదేం లేదు. మాటిమాటికి పాదరసం చూశాను. మొదటిసారి లేదు. రెండోసారి లేదు.

"ఎంతమ్మా?" గోడ దగ్గర్నుంచి.

"రాలేదు."

"నర్సమ్మా, దీని గుండె కొట్టుకుంటందా, నాదేనా ఇది?" అంది ముసలమ్మ.

చెయ్యి పెట్టి చూశాను. రెండు గుండెలూ ఉన్నాయి. చిన్నది కొట్టుకునేది ఎంత మెల్లగా అంటే, ఒకటి విన్నాక రెండోది వస్తుందో రాదో అని నేను ఊపిరి బిగబట్టాను. ఆ ముసలమ్మ మనవరాలికి ఏదో చెబుతూనే ఉంది. కందిచేను గురించి, గేదె ఈనిన సంగతి గురించి. మధ్యమధ్య నన్ను తిడుతూనే ఉంది. ఆ తిట్లకి నేను బదులివ్వలేదు. ఆయా నా వైపు వింతగా చూసింది.

వీధిలో మిల్లు కూత వినిపించే వేళకి పాదరసం తొంభై అయిదు గీత మీదికి వచ్చింది. ఆ తర్వాత కాస్త పైకి. మధ్యాహ్నానికి తొంభై ఏడు. పిల్ల ముఖం ముడుచుకుని, ముసలమ్మ రొమ్ము వెతుక్కుని, అక్కడ పాలు లేకపోయేసరికి కేరుమంది. అంత కోపంగా ఏడ్చిన పిల్లని నేను అంతకుముందు చూడలేదు.

"ఇప్పుడు తిరగొచ్చా అమ్మా?" అన్నాడు తండ్రి. అతన్ని అందరం మర్చిపోయాం.

"తిరగమాక" అంది అత్తగారు.

వారానికొక్కసారి లేడీ డాక్టరు వచ్చేది ఆ రోజే. లోపలికొచ్చి దుప్పట్ల గుట్ట చూసి, "ఏమిటిది? శుభ్రత లేదు, పద్ధతి లేదు, కోతి పిల్లని కరుచుకున్నట్టు" అంది. జరిగింది చెప్పాను. నాలుగు వరసలు, ఆరు వరసలు, ఐసుగడ్డ, అన్నీ. ఆమె కోపం మధ్యలోనే ఆగిపోయింది. పిల్లని చూసింది, పాదాలు పట్టుకుంది. వరండాలోకి రమ్మంది.

"ఇంతకుముందు ఇలా చుట్టినవాళ్ళు?"

పొద్దున్నుంచి నేను ఆ ప్రశ్న దగ్గరికి పోకుండా తప్పించుకుంటున్నానని అప్పుడు తెలిసింది. ముగ్గురు. ముగ్గురూ నెలలు నిండనివాళ్ళే. ముగ్గురూ నా దూదిలో, నా తొట్టిలో, ఏడుపు ఆపి "హాయిగా నిద్రపోయినవాళ్ళే". చావుల పుస్తకంలో ముగ్గురికీ పుట్టు బలహీనత అని నా చేత్తో రాశాను. ఇద్దరి దగ్గర థర్మామీటరు పాడైందనుకుని పక్కన పడేశాను కూడా.

డాక్టరు, "అంత చిన్నపిల్లలు ఎలా చేసినా దక్కకపోదురేమో" అంది. మంచి మనిషి, ఊరడించడానికే అంది. ఏమో అన్న ఆ ఒక్క మాటే నన్ను ఇన్నేళ్ళూ నమిలింది. చంపానని తెలిస్తే ఒక దారి, చంపలేదని తెలిస్తే ఒక దారి. ఏమోకి దారి లేదు.

ఆ ముగ్గురి తల్లుల్లో ఒకరిది మిల్లుపని, ఊరు వదిలి వెళ్ళిపోయారు. ఇంకొకామె మరుసటేడే పోయింది. మూడో ఆమె ప్రత్తిపాడు పక్క పల్లెలో ఉంది, మళ్ళీ ఏడో నెల అని ఆయా చెప్పింది. వెళ్ళక తప్పలేదు. మొదటివాడు నెలలు నిండకుండా పుట్టాడు, ఈసారీ అలాగే కావచ్చు. కొత్త పద్ధతి ఆమెకు చెప్పాలి. చెబితే పాతది తప్పని చెప్పినట్టే. బస్సులో కూర్చున్నంతసేపూ ఆ రెంటినీ విడదీసే మాట కోసం వెతికాను. వాదనలో నన్ను మించినవాళ్ళు లేరని పేరున్న దాన్ని, ఒక్క మాట దొరకలేదు.

నేను వెళ్ళేసరికి ఆమె కల్లంలో ఎండుమిరపకాయలకి తొడిమలు తీస్తోంది. నన్ను చూసి లేచి చాప వేసింది.

"కూర్చోండమ్మా. చేతులు మండిపోతన్నయ్యి, ఈ తట్ట కానిచ్చి కడుక్కుని మంచినీళ్ళిస్తా."

క్షేమాలడిగాను. తనే మొదలుపెట్టింది.

"మా వాడు పోయాడనే గానీ నాకు మీ మీద ఏం లేదమ్మా. దూదిలో పువ్వల్లే పెట్టారు. చలి తెలీకుండా పోయాడు. నాకదొక్కటే తృప్తి."

ఆ తృప్తిని ఉండనివ్వచ్చు. లేచి వచ్చేయొచ్చు. కడుపులో ఉన్నది ఏడో నెల కాకపోతే వచ్చేసేదాన్నేనేమో. చెప్పాను. పిల్ల పుట్టగానే తడి తుడిచి ముందు నీ రొమ్ముకి ఆనించుకో, నీ ఒంటి వేడి దానికి పట్టాక అప్పుడు ఇద్దరి మీదా దూది కప్పమను, చల్లబడ్డ పిల్లని ఒక్కదాన్నే చుట్టనివ్వకు, చుడితే చలి లోపలే ఉండిపోతుంది.

ఆమె చేతులు ఆగాయి.

"మరి వాడికి?"

"అప్పుడు నాకు తెలీదు" అన్నాను. తెలుసు, చదివాను, పరీక్ష రాశాను అన్నది కూడా అనాల్సింది. అనలేదు.

గాలికి మిరప ఘాటు మొహాన కొట్టింది. ఆమె కళ్ళు తుడుచుకోలేదు, చేతులకి కారం ఉంది.

"మళ్ళీ చెప్పండి" అంది. "ముందేం చెయ్యాలి?"

మళ్ళీ చెప్పాను. ఇంకోసారి చెప్పించుకుంది. తిరిగి నాకు అప్పజెప్పింది, ఒక్క ముక్క తప్పు లేకుండా. తర్వాత తట్ట అలాగే వదిలేసి లేచింది, లోపలికి వెళ్ళింది, తలుపేసుకుంది. నేను చాప మీద కాసేపు కూర్చున్నాను. మంచినీళ్ళు రాలేదు. మా వైపు ఇంటికొచ్చిన మనిషిని మంచినీళ్ళివ్వకుండా పంపరు. లేచి బస్సు దగ్గరికి నడిచాను.

కాన్పుకి ఆమె మా కేంద్రానికి రాలేదు. గుంటూరులో ఎవరో చుట్టాలింటికి వెళ్ళి అక్కడి ఆస్పత్రిలో చేరిందని తర్వాత ఆయా కనుక్కొచ్చింది. నెలలు నిండిన మగపిల్లాడట, ఆస్పత్రి అదిరేలా ఏడ్చాడట. రొమ్ముమీద కాచాల్సిన అవసరమే లేని పిల్లాడు. అయినా మూడు రోజులు ఒంటికి ఆనించుకుని కిందకి దించలేదట, తన తల్లి చేతికి కూడా ఇవ్వలేదట.

అక్కడి పెద్ద నర్సు వింతపడి, "ఎవరు నేర్పారే నీకిది?" అని అడిగిందట.

"మా పెద్దోడు" అందట.